క్రియ ముగిసే చోటు: ఫ్రేజు, క్లాజుల మీద ఒక సంవాదం

ఫ్రేజు, క్లాజు అన్న రెండు మాటలు వినని పదో తరగతి విద్యార్థి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉండడు. వాటి తేడా అడిగితే అప్పజెప్పలేని విద్యార్థీ తక్కువే. అయినా ఆ తేడా రాతలోకి గానీ మాటలోకి గానీ దిగడం లేదన్నది ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఒప్పుకునే సంగతే. తప్పు పాఠానిదా, చెప్పే తీరుదా? ఈ ప్రశ్నకున్న రెండు జవాబులను ఇక్కడ ఇద్దరి నోట పలికిస్తున్నాను. ఒకరు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ సెంటర్ నడిపే మేడమ్. ఇద్దరూ ఊహించిన మనుషులే. వాదనలు మాత్రం స్టాఫ్‌రూముల్లో వినిపించేవే.

మేడమ్: మాస్టారూ, ముందు నా ఫిర్యాదు చెప్పేస్తాను. డిగ్రీ పూర్తిచేసి కోచింగ్‌కు వచ్చే పిల్లల్ని క్లాజు అంటే ఏమిటని అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. కర్త, క్రియ ఉంటే క్లాజు, పూర్తి అర్థం రాకపోతే ఫ్రేజు. నౌన్ క్లాజు, అడ్జెక్టివ్ క్లాజు, అడ్వెర్బ్ క్లాజు అని మూడు రకాలూ ఏకరువు పెడతారు. అదే నోటితో “నేను చదివిన కాలేజీ మా ఊరికి దగ్గర” అన్న చిన్న ముక్కను ఇంగ్లీషులో చెప్పమంటే నీళ్లు నములుతారు. పదేళ్లు వల్లెవేసిన పేర్లు అవసరానికి అక్కరకు రాకపోతే ఆ పేర్లు ఎందుకు? ఇది నా ఒక్కదాని గోడు కాదు. 1963లో రిచర్డ్ బ్రాడక్, మరో ఇద్దరు కలిసి అమెరికాలో రాత బోధన మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వడపోసి నివేదిక ఇచ్చారు. వ్యాకరణాన్ని విడిగా, శాస్త్రంలా బోధిస్తే పిల్లల రాతకు ఒరిగేదేమీ లేదనీ, రాయించడానికి ఉండాల్సిన సమయాన్ని అది మింగేస్తుంది కాబట్టి చెరుపు కూడా చేయవచ్చనీ తేల్చారు. 1982లో స్టీఫెన్ క్రాషెన్ ఇంకో మెట్టు పైకెక్కి, అర్థమయ్యే భాషను ధారాళంగా వింటూ చదువుతూ ఉంటే అది దానంతట అదే పట్టుబడుతుందనీ, నేర్చుకున్న సూత్రం మహా అయితే రాసింది సరిచూసుకోవడానికి పనికొస్తుందనీ అన్నారు. నా మాటా అదే. పిల్లల చేత మాట్లాడించండి, చదివించండి. ఫ్రేజు ఏదో క్లాజు ఏదో తేల్చే పని వ్యాకరణవేత్తలకు వదిలేయండి.

మాస్టారు: నువ్వు చెప్పిన రోగం నిజమేనమ్మా, మందు దగ్గరే నాకు పేచీ. ఆ పిల్లలకు తెలిసినది క్లాజు కాదు, క్లాజు నిర్వచనం. ఆ నిర్వచనంలోనే లోపం ఉంది. “పూర్తి అర్థం రాకపోతే ఫ్రేజు” అన్నది 1930ల నుంచి మన దేశంలో చేతులు మారుతూ వస్తున్న రెన్, మార్టిన్‌ల పుస్తకం నాటి మాట. దాన్ని గీటురాయిగా పెట్టి రెండు వాక్యాలు చూడు. “ద బాయ్ స్టాండింగ్ ఎట్ ద గేట్ ఈజ్ రవి.” “ద బాయ్ హూ ఈజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్ ఈజ్ రవి.” తెలుగులో రెండూ ఒకటే: గేటు దగ్గర నిలబడ్డ అబ్బాయి రవి. “స్టాండింగ్ ఎట్ ద గేట్” అన్నదీ, “హూ ఈజ్ స్టాండింగ్ ఎట్ ద గేట్” అన్నదీ విడిగా తీస్తే పూర్తి అర్థం ఇవ్వవు. అయినా మొదటిది ఫ్రేజు, రెండోది క్లాజు. అర్థంతో కొలిస్తే ఈ తేడా కనపడదు. ఇప్పుడు రెండు వాక్యాలనూ నిన్నటి సంగతిగా మార్చు. మొదటి దాంట్లో ఉన్న ఒక్క “ఈజ్” మాత్రమే “వాజ్” అవుతుంది, “స్టాండింగ్” చెక్కుచెదరదు. రెండో దాంట్లో “ఈజ్”లు రెండూ “వాజ్”లవుతాయి. కాలం మారితే తానూ మారే క్రియ లోపల ఉంటే అది క్లాజు. మారని క్రియ ఉన్నా, అసలు క్రియే లేకున్నా ఫ్రేజు. “ద బుక్ ప్రింటెడ్ ఇన్ మద్రాస్ ఈజ్ రేర్” అన్న వాక్యంలో “ప్రింటెడ్”ను చూసి అది భూతకాల క్రియే అనుకునే పిల్లలు బోలెడుమంది. కాలం మార్చి చూస్తే “ఈజ్” కదులుతుంది, “ప్రింటెడ్” కదలదు. సందేహం అక్కడికక్కడ తీరిపోతుంది. నేను అడిగేది ఈ పరీక్ష పిల్లల చేతికి ఇవ్వమని.

మేడమ్: పరీక్ష బాగానే ఉంది, కాదనను. అయితే అది నిర్వచనం స్థానంలో వచ్చిన కొత్త కిటుకు. దానితో విద్యార్థి క్లాజును గుర్తుపడతాడు, బిట్టు పేపర్లో టిక్కు పెడతాడు. గుర్తుపట్టడం వేరు, వాడటం వేరు. లండన్‌లో పుట్టిన నాలుగేళ్ల పిల్ల “హూ”తో మొదలయ్యే క్లాజును తడుముకోకుండా వాడుతుంది. ఆ పిల్లకు ఎవరూ కాలం మార్చి చూపించలేదు. మన పిల్లలకు మాత్రం ఈ చుట్టుదారి ఎందుకు?

మాస్టారు: ఆ పిల్ల తలలో ఇంకో భాష వాక్యం అప్పటికే కుదురుకుని లేదు కాబట్టి. మన పిల్లలకు ఉంది, దాని కట్టుబాటే వేరు. తెలుగు వాక్యంలో కాలం మోసి వాక్యాన్ని ముగించే క్రియ, అంటే సమాపక క్రియ, సాధారణంగా ఒక్కటే ఉంటుంది, చివర్లో ఉంటుంది. దాని ముందు ఎన్ని అసమాపక క్రియలైనా వరస కట్టవచ్చు. “ఆమె పొద్దున్నే లేచి, గేదె పాలు పితికి, కేంద్రంలో పోసి, వచ్చేటప్పుడు సరుకులు తెచ్చి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపింది.” ఇంత పనిలో కాలం, లింగం, వచనం మోసిన క్రియ “పంపింది” ఒక్కటే. లేచి, పితికి, పోసి, తెచ్చి, చేసి అన్నవాటికి ఆ బరువు లేదు. ఇంగ్లీషు ఈ పొదుపును ఒప్పుకోదు. గాట్ అప్, మిల్క్‌డ్, పోర్డ్ అంటూ క్రియ క్రియకూ కాలం తొడగాలి. తొడగకుండా అన్నిటినీ “హావింగ్”తో నెట్టుకొస్తే కోర్టు కాగితంలా తయారవుతుంది. ఇక బడిలో ఏం జరుగుతోందో చూడు. తెలుగు పీరియడ్‌లో “రవి అన్నం తిని బడికి వెళ్లాడు” అన్నది సంశ్లిష్ట వాక్యం, ఎందుకంటే ఒక సమాపక క్రియకు ఒక అసమాపక క్రియ తోడైంది. గంట కొట్టాక ఇంగ్లీషు పీరియడ్‌లో “హావింగ్ ఈటెన్ హిజ్ మీల్, రవి వెంట్ టు స్కూల్” అన్నది సింపుల్ సెంటెన్స్. “ఆఫ్టర్ హి హాడ్ ఈటెన్ హిజ్ మీల్, రవి వెంట్ టు స్కూల్” అంటేనే కాంప్లెక్స్. ఒకే సంగతి ఒక టీచరుకు సంశ్లిష్టం, ఇంకో టీచరుకు సింపుల్. కారణం పెద్ద రహస్యం కాదు. సంశ్లిష్టం కావడానికి తెలుగు వ్యాకరణం అసమాపక క్రియ చాలునంటుంది. ఇంగ్లీషు బడి వ్యాకరణం సమాపక క్రియలనే లెక్కపెడుతుంది. ఈ రెండు ముక్కలు ఎవరూ చెప్పకపోవడంతో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ మార్పిడి బిట్లను పిల్లలు “దో” ఉంటే కాంప్లెక్స్, “బట్” ఉంటే కాంపౌండ్, “ఇన్‌స్పైట్ ఆఫ్” ఉంటే సింపుల్ అని బండగుర్తులతో గట్టెక్కుతున్నారు. గుర్తు దొరికింది, వెనకున్న కారణం దొరకలేదు. నీ కోచింగ్ దాకా వచ్చి నీళ్లు నమిలేది అందుకే.

మేడమ్: అంటే మాతృభాషే అడ్డుపడుతోందనే పాత మాటకే వచ్చారన్నమాట. అడ్డం వచ్చేదాన్ని పక్కనపెట్టడం న్యాయం కదా. ఇంగ్లీషులోనే ఆలోచించమని మేము చెప్పేది అందుకే. మీరేమో తెలుగు వ్యాకరణాన్ని కూడా తెచ్చి నెత్తిన పెడుతున్నారు. ఒక బరువు మోయలేనివాడికి రెండోది ఎత్తుతారా?

మాస్టారు: పక్కనపెట్టమంటే పోయేది కాదమ్మా అది. పైగా తెలుగు అన్నిచోట్లా అడ్డం రాదు. ఎక్కడ కలిసొస్తుందో, ఎక్కడ తప్పిస్తుందో ముందే చెప్పవచ్చు, నా బలమంతా అక్కడే ఉంది. నౌన్ క్లాజు తీసుకో. “ఆయన ఎక్కడున్నాడు?” అన్న ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమిడిస్తే “ఆయన ఎక్కడున్నాడో నాకు తెలీదు” అవుతుంది. చివర ఓకారం చేరింది, అంతే. క్రియ సమాపకంగానే ఉంది, మాటల వరస మారలేదు. అందుకే వాక్యంలో వాక్యం ఇమడటం మన పిల్లవాడికి కొత్త కాదు. వరస మారకపోవడం కూడా అలవాటే. కాబట్టి “వేర్ ఈజ్ హి” అన్న ప్రశ్నను ఉన్నదున్నట్టు పట్టుకొచ్చి “ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి” అంటాడు. ప్రశ్న ఇంకో వాక్యంలో ఇమిడినప్పుడు ఇంగ్లీషు వరసను సరిచేసి “వేర్ హి ఈజ్” అంటుందని ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. అడ్జెక్టివ్ క్లాజు దగ్గర కథ వేరు. “నేను కూర తరిగిన కత్తి”, “మేం కూర్చున్న చెట్టు”, “మేం కూర్చున్న బెంచీ” అంటాం. కత్తితో తరిగామనీ, చెట్టు కింద, బెంచీ మీద కూర్చున్నామనీ వినేవాడు తనే పూరించుకుంటాడు. తరిగిన, కూర్చున్న అన్న క్రియాజన్య విశేషణాలు ఆ “తో”నూ, “కింద”నూ, “మీద”నూ మింగేస్తాయి. ఇంగ్లీషు క్లాజులో అవి మిగలాలి. మన పిల్లవాడు “ద ట్రీ విచ్ వియ్ శాట్” అని ఆపేస్తాడు, “అండర్” జారిపోతుంది. “వియ్ శాట్ ద ట్రీ” అని విడి వాక్యంగా పలికి చూడమంటే తప్పు వాడికే వినపడుతుంది. క్లాజు లోపల ఒక నిండు వాక్యం ఉందని, అందులో ఒక నామవాచకం ఖాళీ చేసిన చోటు ఉందని అప్పుడు తెలుస్తుంది. నువ్వు ఇందాక చెప్పిన “నేను చదివిన కాలేజీ” కూడా ఇలాంటిదే. “ద కాలేజ్ ఐ స్టడీడ్” దగ్గర ఆగిపోతే “ఎట్” ఎక్కడో పోయింది. ఇది రెండో బరువు కాదు. ఉన్న బరువును ఎక్కడ పట్టుకోవాలో చూపడం.

మేడమ్: ఈ ఉదాహరణలు నాకూ పనికొస్తాయి, తీసుకుంటాను. అయినా మీ పునాదిలోనే ఒక చిక్కుంది. సమాపక క్రియ లేనిదంతా ఫ్రేజు అన్నారు. క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ కలిసి 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణం “స్టాండింగ్ ఎట్ ద గేట్” లాంటివాటిని కూడా క్లాజులనే అంటుంది, అసమాపక క్లాజులని పేరు పెడుతుంది. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం కూడా ఆ బాటలోనే నడిచింది. వాళ్ల లెక్కలో ఒక్క మాట కూడా ఫ్రేజు కావచ్చు, పదాల గుంపే అక్కర్లేదు. ఇంకో ఉదాహరణ ఇస్తాను. “ద రెయిన్స్ హావింగ్ ఫెయిల్డ్, ద ట్యాంక్స్ వెంట్ డ్రై.” మొదటి ముక్కలో “ద రెయిన్స్” అనే సొంత కర్త ఉంది. మీ కాలం పరీక్ష పెడితే క్రియ కదలదు, కాబట్టి ఫ్రేజు. కర్త ఉంది కాబట్టి క్లాజు అనేవాడికి ఏం చెబుతారు? పండితులే తలో పేరు పెడుతున్నప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడి మీద ఈ గొడవ రుద్దడం అన్యాయం కాదా?

మాస్టారు: ఇది గట్టి ఆక్షేపణే. పేరు విషయంలో నేను పట్టుబట్టను. బడి పుస్తకం ఫ్రేజు అంటే ఫ్రేజు, క్వర్క్ పద్ధతిలో అసమాపక క్లాజు అంటే అసమాపక క్లాజు. కాకపోతే ఒకటి గమనించు. పేరు మార్చినా వాళ్లు గీత చెరిపేయలేదు. సమాపకం, అసమాపకం అన్న గీత వాళ్ల పుస్తకాల్లోనూ అక్కడే ఉంది. పాత వ్యాకరణం దాన్ని క్లాజు సరిహద్దుగా పెట్టింది, కొత్త వ్యాకరణం క్లాజుల లోపలికి జరిపింది. నిజానికి కొత్త పద్ధతి మనకు ఇంకో మేలు చేసింది. కాలం లేని క్రియకు కూడా కర్త కావాలి కదా, ఆ కర్త ఎవరు అనే ప్రశ్నను అది ముందుకు తెచ్చింది. “వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ హిమ్” అని పిల్లలు రాస్తారు. నడిచింది కుక్క అయిపోయింది. ఇంగ్లీషు ఇలాంటి ముక్కకు కర్తను ప్రధాన వాక్యం నుంచి అరువు తెచ్చుకుంటుంది. ఇది మన పిల్లలకు తెలియని నియమమా? “రోడ్డు మీద నడుస్తూ కుక్క కరిచింది” అంటే ఒకటో తరగతి పిల్ల కూడా నవ్వుతుంది. “నడుస్తుంటే కుక్క కరిచింది” అని సరిదిద్దుతుంది. నడుస్తూ అంటే కర్త ఒకరే అయ్యుండాలి, నడుస్తుంటే అంటే వేరొకరు కావచ్చు అన్న తేడా ఆ పిల్ల చెవిలోనే ఉంది. నువ్విచ్చిన చెరువుల వాక్యం కూడా మనకు కొత్త కాదు. “వానలు కురిసి చెరువులు నిండాయి” అంటాం. కురిసింది వానలు, నిండింది చెరువులు. కర్తలు వేరైనా, మొదటిది రెండోదానికి కారణం కాబట్టి మన చెవి ఒప్పుకుంది. అదే “వానలు కురిసి రవి బడికి వెళ్లాడు” అంటే ఒప్పుకోదు. కర్తలు వేరైన చోట ఇంగ్లీషు మొదటి ముక్క కర్తను పైకి చెప్పి “ద రెయిన్స్ హావింగ్ ఫెయిల్డ్” అంటుంది. పండితుల మధ్య తగాదా పేరు గురించే. కాలం ఎక్కడుంది, కర్త ఎవరు అన్న రెండు ప్రశ్నల దగ్గర వాళ్లకూ మనకూ తగాదా లేదు. ఎనిమిదో తరగతికి ఆ రెండు ప్రశ్నలు చాలు.

మేడమ్: సరే, కుక్క వాక్యం తప్పేనని ఫోను కూడా చెబుతుంది. ఇప్పుడు ఏ మెయిల్ రాసినా తప్పు కింద గీత పడుతుంది, ఇంకాస్త ముందుకెళ్తే వాక్యం మొత్తం తిరగరాసి ఇస్తుంది. మనిషి వాదించి నేర్చుకోవాల్సిన అవసరం ఎంత మిగిలింది?

మాస్టారు: తప్పు వాక్యాన్ని ఫోను పట్టుకుంటుంది. రెండు ఒప్పు వాక్యాల్లో నీ మనసులో ఉన్నది ఏదో అది ఎలా చెబుతుంది? “డల్లాస్‌లో ఉండే మా అన్నయ్య ఫోన్ చేశాడు” అంటాం. ఇంగ్లీషులో “మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ డల్లాస్” అని కామాలు లేకుండా రాస్తే, ఇంకో అన్నయ్య ఇంకెక్కడో ఉన్నాడని ధ్వనిస్తుంది. ఆ క్లాజు ఏ అన్నయ్యో ఏరి చూపిస్తోంది. “హూ లివ్స్ ఇన్ డల్లాస్”కు రెండు పక్కలా కామాలు పెడితే ఉన్నది ఒక్క అన్నయ్యే, ఆయన డల్లాస్‌లో ఉంటాడన్నది అదనపు కబురు. మన “ఉండే” ఈ రెండింటికీ ఒకటే. రెండు వాక్యాలూ వ్యాకరణానికి సరైనవే కాబట్టి గీత పడ్డా పడకున్నా యంత్రం దాన్ని తేల్చలేదు. ఏది నిజమో రాసేవాడికే తెలియాలి. ఫ్రేజు హద్దు తెలియకపోతే డబ్బు ఎంత పోతుందో కూడా చూడు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టం కొన్ని పనులకు మినహాయింపు ఇచ్చింది. క్యానింగ్, ప్రాసెసింగ్, ఫ్రీజింగ్, స్టోరింగ్ అంటూ సాగిన జాబితా “ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్” దగ్గర ముగిసింది. “షిప్‌మెంట్” తర్వాత కామా లేదు. ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్లు పాలు పంపిణీ చేస్తారు, ప్యాకింగ్ చేయరు. “డిస్ట్రిబ్యూషన్” విడి పని అయితే వాళ్లకు ఓవర్‌టైమ్ రాదు. అది “ఫర్” కింద “షిప్‌మెంట్”తో కలిసి ఉన్న ఫ్రేజులో భాగమైతే వస్తుంది. డ్రైవర్ల వాదన చూడు: జాబితాలో పనులన్నీ “ఇంగ్” రూపంలో ఉన్నాయి, షిప్‌మెంట్, డిస్ట్రిబ్యూషన్ మాత్రమే అలా లేవు, కాబట్టి ఆ రెండూ ఒక జట్టు. కింది కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. 2017 మార్చిలో ఫెడరల్ అప్పీల్ కోర్టు, వాక్యం రెండు విధాలా చదవవచ్చు కాబట్టి కార్మికుడికి మేలు చేసే అర్థమే తీసుకోవాలని డ్రైవర్ల వైపు మొగ్గింది. 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పీల్ తీర్పు వచ్చాక చట్టసభ ఆ వాక్యంలో సెమికోలన్లు పెట్టి, “డిస్ట్రిబ్యూషన్”ను “డిస్ట్రిబ్యూటింగ్”గా మార్చింది. అందరూ కామా కథగా చెప్పుకుంటారు గానీ, నిజానికి తేల్చాల్సింది ఒక ఫ్రేజు ఎక్కడ ముగిసిందన్నదే.

మేడమ్: పేరు గురించి మీరు పట్టుబట్టనంటే ఇక మనిద్దరి మధ్య దూరం తక్కువే. అలాంటప్పుడు నా పద్ధతినే ఒప్పుకోండి. పేర్లు వదిలేసి వాక్యాలు కలపడం నేర్పుదాం. “రవి గేటు దగ్గర ఉన్నాడు, రవి నన్ను పిలిచాడు” అని రెండు చిన్న ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి, ఒకటిగా కలపమనండి. ఒకసారి “హూ”తో, ఒకసారి “స్టాండింగ్”తో, ఒకసారి “వైల్”తో. 2007లో స్టీవ్ గ్రేహమ్, డోలొరెస్ పెరిన్ నాలుగో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా జరిగిన అధ్యయనాలను కలిపి లెక్క తీస్తే, వాక్యాలు కలిపే అభ్యాసానికి ప్రభావ పరిమాణం (ఎఫెక్ట్ సైజ్) 0.50 వచ్చింది. వ్యాకరణ బోధనకు సున్నా కంటే కిందికి పోయింది. అంతకుముందు 1965లో కెలాగ్ హంట్ నాలుగు, ఎనిమిది, పన్నెండు తరగతుల పిల్లల రాతలను పోల్చి చూశారు. చిన్నపిల్లలు విడివిడి వాక్యాలుగా రాసినదాన్ని పెద్ద తరగతులవాళ్లు క్లాజులుగా, ఫ్రేజులుగా కుదించి ఒకే వాక్యంలో ఇముడుస్తున్నారని చూపించారు. ఎదుగుదల అంటే అదీ. పేరుతో దానికి పనిలేదు. పేర్లు ఎంత బోలువో ఒక్క ఉదాహరణ చాలు. “వేర్ హి లివ్స్” అన్న మూడు మాటలు “ఐ నో వేర్ హి లివ్స్”లో నౌన్ క్లాజు, “ద విలేజ్ వేర్ హి లివ్స్”లో అడ్జెక్టివ్ క్లాజు, “హి వర్క్స్ వేర్ హి లివ్స్”లో అడ్వెర్బ్ క్లాజు. ముక్క అదే, పేర్లు మూడు.

మాస్టారు: ఆ ఉదాహరణ నీ వాదనకంటే నా వాదనకే ఎక్కువ పనికొస్తుంది. ఆ మూడు మాటలకు మూడు పేర్లు వచ్చాయంటే పేరు ముక్కకు కాదు, వాక్యంలో అది చేసే పనికి అని అర్థం. విడిగా చూసి ఏ క్లాజుకూ పేరు పెట్టలేం. మన బిట్టు పేపర్లు క్లాజు కింద గీత గీసి పేరు అడిగితే, పిల్లలు మొదటి మాట చూసి పేరు రాస్తారు. “వేర్” ఉంటే అడ్వెర్బ్ క్లాజు. ఆ పద్ధతి పోవాల్సిందే, నీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. వాక్యాలు కలిపే అభ్యాసమే అసలు పాఠం కావాలన్నదీ ఒప్పుకుంటున్నాను. ఇక ఆ లెక్కల విషయం. బ్రాడక్ చూసినవీ, గ్రేహమ్, పెరిన్ చూసినవీ చాలావరకు ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో, ఇంగ్లీషు వాతావరణంలో పెరుగుతున్న పిల్లల మీద జరిగిన అధ్యయనాలు. ఆ పిల్లలకు “ద ట్రీ విచ్ వియ్ శాట్” అన్నది చెప్పకుండానే చెవికి గుచ్చుకుంటుంది. మన పిల్లవాడికి గుచ్చుకోదు, తెలుగు చెవికి అందులో వెలితి లేదు కాబట్టి. రెండు వాక్యాలు కలపమంటే కలుపుతాడు. కలిపింది తప్పయితే ఎందుకు తప్పో చెప్పాలి కదా, అప్పుడు నువ్వేం చెబుతావు? “అలా అనకూడదు, ఇలా అనాలి” అంటావు. రేపు ఇంకో క్రియ వస్తే మళ్లీ అడగాలి. ఇక్కడ కాలం మోసే క్రియ ఉంది, ఇక్కడ లేదు, దీని కర్త ఎవరు అన్న మాటలు ఇద్దరికీ ఉమ్మడిగా ఉంటే ఒకసారి చెప్పింది వందచోట్ల పనిచేస్తుంది. నాకు కావలసిన పరిభాష అంతే. అందులో సమాపకం, అసమాపకం అన్నవి తెలుగు పాఠంలో ఎలాగూ నేర్చుకుంటున్నారు. చేకూరి రామారావు 1975లో “తెలుగు వాక్యం” రాసి, మనం రోజూ మాట్లాడే వాక్యాన్ని కొత్త భాషాశాస్త్రంతో ఎలా పరిశీలించవచ్చో చూపించారు. అలాంటి చూపు తెలుగు పీరియడ్ గోడ దాటి పక్క గదిలోకి రావడం లేదంతే.

మేడమ్: ఇంగ్లీషు మీడియం పిల్లల సంగతి? ప్రభుత్వ బడుల్లోనూ మీడియం మారుతోంది. సమాపక క్రియ అన్న మాటే తెలియని పిల్లలు వస్తున్నారు మా దగ్గరికి.

మాస్టారు: మీడియం మారినా తెలుగు సబ్జెక్టు పోలేదు. తెలంగాణలో 2018 చట్టం అన్ని బడుల్లోనూ దాన్ని తప్పనిసరి చేసింది. ఆ మాట తెలియకపోయినా నష్టం లేదు. “వచ్చి”, “వచ్చిన”, “వస్తే” అని ఆపితే వినేవాడు ఇంకేదో కోసం ఎదురుచూస్తాడు, “వచ్చాడు” అంటే చూడడు. ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రతి పిల్లకూ ఈ తేడా తెలుసు, ఆ ఇల్లు డల్లాస్‌లో ఉన్నా సరే. అక్కడి నుంచి మొదలుపెట్టి, ఆ ఎదురుచూపు కలిగించే రూపాలు ఇంగ్లీషులో ఏవని అడిగితే టు గో, గోయింగ్, గాన్ దగ్గరికి వాళ్లే వస్తారు.

మేడమ్: అయితే నా షరతు ఒకటి. తెలుగు టీచరు, ఇంగ్లీషు టీచరు కలిసి ఒకే వాక్యాన్ని రెండు భాషల్లో బోర్డు మీద పెట్టి చెప్పే పాఠం మీరనే ఎనిమిదో తరగతిలో పెట్టండి. పెట్టి, దాన్ని బిట్లతో కొలవకండి. ఏడాది మొదట్లో పిల్లలు రాసిన పేజీ, చివర్లో రాసిన పేజీ పక్కపక్కన పెట్టి చూద్దాం. “ద ట్రీ విచ్ వియ్ శాట్” లాంటివి తగ్గాయా, విడివిడి వాక్యాలు కలిశాయా అన్నదే లెక్క. తగ్గకపోతే మీ సమాపక క్రియను కూడా పక్కనపెట్టాలి.

మాస్టారు: ఒప్పుకున్నాను. ఆ రెండు పేజీల్లో తేడా కనపడకపోతే, నేను చెప్పింది వ్యాకరణం మీద నా మమకారమే తప్ప పాఠం కాదని అర్థం. కనపడితే మాత్రం నువ్వూ కోచింగ్ మొదటి రోజున పేర్లు అడగడం మానేసి, ఒక వాక్యం ఇచ్చి దాన్ని నిన్నటికి మార్చమను. ఏ మాట కదిలిందో చెప్పగలిగిన పిల్లవాడికి క్లాజు అంటే ఏమిటో నిర్వచనం అక్కర్లేదు.